ఉపన్యాసం అనే తువ్వాలు

ఈ సంగతి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. మొన్న మా గ్రంథాలయం వార్షికోత్సవానికి ఒక సంచిక వేశారు. అందులో ఒక కుర్రవాడు (కుర్రవాడంటే యాభై దాటినవాడే, నాకు మాత్రం కుర్రవాడు) నా గురించి ఒక పేజీ రాశాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు పొద్దున పటమటలో మా వీధిలో ఎగిరిన జెండాను "వీరి సూచనల మేరకు, వీరి మార్గదర్శకత్వంలో" నేశారని అందులో ఉంది. చదివి రెండు రోజులు వీధిలో కాస్త నిటారుగా నడిచాను. మూడో రోజు అన్నం తిని చెయ్యి తుడుచుకుంటుంటే సిగ్గేసింది. (ఆ చెయ్యి దేనితో తుడుచుకున్నానో తర్వాత చెబుతాను.) ఆ రోజు నాతో ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు. నేను నోరు మూసుకుంటే ఇక కాదనేవాడే ఉండడు, ఆ పేజీయే చరిత్ర అయిపోతుంది. బళ్లో నిలవక గ్రంథాలయంలో కూర్చుని నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఆ గ్రంథాలయం అలమరలోనే నా గురించి ఒక అబద్ధం అట్ట వేసుకుని కూర్చుంటానంటే ఊరుకోవడం న్యాయం కాదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజుల్లో మనిషికి పద్దెనిమిదేళ్లు వస్తే మీసం వచ్చేది, దానితోపాటు అభిప్రాయాలు వచ్చేవి. నాకు మీసం సరిగా రాలేదు. ఆ లోటు కూడా అభిప్రాయాలతోనే భర్తీ చేశాను. మాది నేతపని చేసే ఇల్లు. ఇంట్లో సగం మనుషులకి, సగం మగ్గానికి. పదిహేనో ఏట ఒకనాడు మా నాన్నతో "ఈ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చుంటే ప్రపంచం కనపడదు నాన్నా" అన్నాను. ఆయన దారం మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడెని విసరడం ఆపలేదు. "కనపడితే నాకూ చెప్పు" అన్నాడు. అంతే. ఆ తర్వాత మూడేళ్లపాటు మగ్గం గదిలోకి రమ్మని నన్ను పిలవలేదు, రావద్దని కూడా అనలేదు. నేను బెజవాడలో (అప్పటికి విజయవాడ అనడం మాకు పెళ్లి శుభలేఖల్లో మాట) ఒక బట్టల దుకాణంలో చేరాను. చీరలు విప్పి పరిచి చూపించడం, మళ్లీ మడత పెట్టడం నా ఉద్యోగం. ఇంట్లో నేసిన చీరను వదిలేసి, ఊళ్లో ఇంకెవరో నేసిన చీరను విప్పడంలో నాకు అప్పట్లో ఎంతో పురోగతి కనిపించేది.

మధ్యాహ్నం దుకాణంలో బేరం పలచబడే వేళకి గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. అక్కడి పెద్దాయన అసలు పేరు ఎవరికీ తెలీదు. మేం 'నిశ్శబ్దం గారు' అనేవాళ్లం. ఆయన నోటి వెంట ఆ ఒక్క మాటే ఎక్కువగా వచ్చేది, అదీ నన్ను చూసే. నాకు నచ్చిన వాక్యం కనపడితే గట్టిగా చదివే జబ్బు ఉండేది. సూర్యచంద్రుల దూరం, సీమ దేశాల రాజధానులు, ఏనుగు దంతాల బరువు, ఏ దేశపు జెండా మీద ఏ గుర్తు, ఇవన్నీ కంఠతా పట్టి సాయంత్రం బందరు రోడ్డు వెంట ఇంటికి నడుస్తూ, దారిలో కలిసినవాళ్లకి అడక్కుండానే చెప్పేవాణ్ణి. కంకిపాడు వైపు వెళ్లే బళ్లవాళ్లు నన్ను దూరం నుంచి చూసి ఎద్దుల్ని అదిలించేవాళ్లు.

ఆ జూలై నెలలో పత్రికలో కొత్త జెండా బొమ్మ వచ్చింది. పాత జెండాలో రాట్నం ఉండేది, ఇప్పుడు దాని చోట నీలం రంగు చక్రం, ఇరవైనాలుగు ఆకులు. ఈ వార్త మా వీధిలో అందరికంటే ముందు తెలిసింది నాకే కాబట్టి, జెండా వ్యవహారం మొత్తం నాదేనని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. అప్పటికే వీధిలో పెద్దలు ఒక ఏర్పాటు చేసుకుని ఉన్నారు. ఇంటికో చిలప (నూలు చుట్ట) చొప్పున ఆడవాళ్లు రాట్నం మీద వడికిన నూలు పోగు చేయాలి, మా నాన్న దాన్ని నేసి మూడు రంగులు అద్దాలి, సూది తాత కుట్టాలి. సూది తాత అంటే మా వీధి దర్జీ సాయిబు. మాలో ప్రతివాడి మొదటి లాగూ ఆయన కుట్టిందే. ఆ లాగూలన్నీ రెండేళ్ల ముందుచూపుతో వదులుగా కుట్టేవాడు కాబట్టి, మా బాల్యమంతా ఒక చేత్తో లాగూ పట్టుకునే గడిచింది. ఆయన భార్య కూడా అందరితోపాటు ఒక చిలప ఇచ్చింది.

నాకు ఈ ఏర్పాటు మరీ మామూలుగా తోచింది. ఇంత పుస్తకజ్ఞానం ఉన్న వీధిలో (నా ఒక్కడిదే అయినా వీధిదే కదా) జెండా అందరి జెండాల్లా ఉంటే ఎలా? ఆ ఆదివారం సాయంత్రం గార్డు గారి అరుగు మీద సభ పెట్టించాను. గార్డు గారు అరవదేశం నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి మా వీధిలో అద్దెకున్న మనిషి. ఇరవై ఏళ్లుగా బండి వెనక నిలబడి జెండా ఊపినవాడు కాబట్టి, జెండా ఎగరేసే గౌరవం ఆయనకే ఇచ్చారు. "పచ్చ జెండా చూపితే బండి కదులుతుంది, ఎర్ర జెండా చూపితే ఆగుతుంది. తంబీ, ఈ కొత్త జెండాలో ఎరుపు లేదు చూశావా? ఇక దేశం ఆగదు!" అని ఆయన ముందుమాట చెప్పి నన్ను పిలిచారు.

నేను లేచాను. ఆ ఉపన్యాసం ఇప్పటికీ గుర్తుంది, మరిచిపోదామని ఎంత ప్రయత్నించినా. "మన దేశంలో ఎన్ని భాషలు! ఎన్ని మతాలు! ఎన్ని కట్టుబొట్లు!" అని మొదలుపెట్టి, సాక్ష్యానికి వీధిలో వాళ్లనే వేలు పెట్టి చూపించాను. అరవ గార్డు గారిని, గుణదల మాతకి కొవ్వొత్తులు మొక్కుకునే నర్సమ్మ గారిని, వరి పండించే చివరింటి మామయ్యని, సూది తాతని. (వేలు పెట్టి చూపించినవాళ్లందరూ ఎవరి బట్టలు వాళ్లు సర్దుకున్నారు.) "ఇన్నిటిని కలిపి ఒక్కటిగా నిలబెట్టేదేమిటి? అవిభాజ్యమైన ఏకత్వం!" అన్నాను. అవిభాజ్యమనే మాట అంతకు రెండు రోజుల ముందే దొరికింది, ఎక్కడైనా వాడాలని చెయ్యి దురద పెడుతోంది. "మూడు ముక్కలు తెచ్చి సూదితో అతికితే అది జెండా కాదు, అతుకుల బొంత! కుట్టింది ఏదో ఒకనాడు కుట్టు ఊడుతుంది. మనకి వద్దు కుట్టిన జెండా! మగ్గం మీదే మూడు రంగులూ ఒకే గుడ్డగా పుట్టాలి. ఒకే పడుగు, ఒకే పేక! నిలువునా సాగే పడుగులో మూడు రంగులున్నా, అడ్డంగా పోసే పేక దారం ఒక్కటే, ఆ కొస నుంచి ఈ కొస దాకా అందరి గుండెల్లోంచి దూరిపోవాలి! ఆ ఒక్క దారమే భారతదేశం!"

చప్పట్లు మోగాయి. గార్డు గారు ఈల వేశారు. ఆ హడావుడిలో సూది తాత లేచి లుంగీ దులుపుకుని వెళ్లిపోవడం నేను చూడలేదు. చూసింది మా అమ్మ ఒక్కతే. మా నాన్న వెనక వరసలో చెవి గోక్కుంటూ, సభ అయిపోయాక ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒకే పేకా?"

"అవును నాన్నా."

"ఏ రంగు?"

నేను ఆలోచించుకోలేదు. "అది తర్వాత చెబుతాను" అన్నాను.

"చెప్పాకే నేస్తా" అని తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు.

పడుగు సిద్ధం కావడానికి పది రోజులు పట్టింది. పెరట్లో కుండల్లో కాషాయం, ఆకుపచ్చ అద్దకాలు పెట్టారు. ఆరేసిన నూలు కారిన చుక్కలకి మా వీధి కోళ్లు కూడా ఆ వారం దేశభక్తి రంగుల్లో తిరిగాయి. నూలు మాత్రం కటకటగా ఉండేది. యుద్ధం అయిపోయినా కరువు పోలేదు. వీధి మొత్తం వడికింది కలిపితే ఒకటిన్నర జెండా పొడుగుకి మించి పడుగు రాలేదు. ఈలోగా నేను రోజూ గ్రంథాలయంలో పేక రంగు కోసం వెతుకుతున్నాను. చివరికి సిగ్గు విడిచి నిశ్శబ్దం గారినే అడిగాను. "ఒక దేశంలో అందరి గుండెల్లోంచి దూరే దారం ఏ రంగులో ఉండాలో చెప్పే పుస్తకం ఉందాండీ?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, బీరువాల వంక ఒకసారి కలయజూసి, "ఆ పుస్తకం మనకింకా రాలేదు నాయనా. వస్తే ముందు నాకు చెప్పు" అన్నారు. ఆయన నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు.

సరే, తెలుపు శాంతికి గుర్తు కదా అని తెల్ల పేక పోయమన్నాను. సోమవారం పొద్దున మా నాన్న మారుమాట్లాడకుండా తెల్ల దారం చుట్టిన కండె నాడెలో పెట్టి జానెడు పైన నేశాడు. నేసిన మేర చూసి నా ప్రాణం ఉసూరుమంది. కాషాయం మీద తెల్ల దారం పడేసరికి అది పాలు ఎక్కువైన టీ రంగుకి దిగింది. ఆకుపచ్చ వెలిసిపోయింది. కండెలు చుడుతూ కూర్చున్న మా అమ్మ తలెత్తి చూసి, "స్వాతంత్ర్యం రాకముందే చాకలికి వేశార్రా?" అంది.

"అయితే కాషాయం పొయ్యి నాన్నా. త్యాగం ఉంటే అన్నీ నిలబడతాయి" అన్నాను. మంగళవారం ఆయన అదే పడుగు మీద కాషాయం పేక పోశాడు. కాషాయం పట్టీ మాత్రం భగ్గుమంది, అబ్బో, ఏం కాంతి! పక్కన తెలుపు కాస్తా కాషాయం మరకలు పడ్డట్టయింది. ఆకుపచ్చ సంగతి ఏం చెప్పను? కృష్ణకి వరద వచ్చిన రోజుల్లో బందరు కాలువ ఎలా ఉంటుందో అలా ఉంది. సరిగ్గా ఆ వేళకే గార్డు గారు డ్యూటీ దిగి వస్తూ గుమ్మంలోంచి తొంగిచూశారు. "తంబీ, ఈ జెండా ఊపితే ఏ డ్రైవరూ బండి కదపడు, ఆపడు కూడా. దిగొచ్చి, ఏమయింది గార్డూ అని అడుగుతాడు" అన్నారు.

నేను మగ్గం గది గుమ్మంలో కూలబడ్డాను. శుక్రవారం పొద్దున జెండా ఎగరాలి. ఇది మంగళవారం సాయంత్రం. ఇంటికో చిలప ఇచ్చిన నూలులో రెండు జానల పైన నేను తినేశాను. మిగిలిన పడుగు ఒక్క జెండాకి సరిపోతే గొప్ప, దారం తెగినా కొత్త నూలు పుట్టదు. వీధిలో నాలుగు రోజులుగా నన్ను చూసినవాళ్లంతా "ఏమయ్యా, ఒకే పేక ఎంతవరకొచ్చింది?" అని పలకరిస్తున్నారు. వీధి వీధంతా శుక్రవారం జెండా లేకుండా నిలబడితే కారణం నేనే.

"నాన్నా, ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. పుస్తకంలో ఉంటుందనుకున్నా."

మా అమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. కాదు.

అప్పుడు మా నాన్న నన్ను ఒక మాట అడిగాడు. "రోజూ దుకాణంలో చీరలు చూపిస్తావు కదరా. ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి ఉన్న చీర ఎన్ని చూపించి ఉంటావు?"

"వేలు."

"ఒళ్లు పసుపు, అంచు ఎరుపు. అంచులోకి పసుపు రాదు, ఒంట్లోకి ఎరుపు రాదు. అదెలా నేస్తారో ఎప్పుడన్నా అనుకున్నావా?"

అనుకోలేదు. "అంచు గట్టిదమ్మా, చీర చిరగాలి గానీ అంచు ఊడదు" అని రోజుకి నలభైసార్లు చెప్పేవాణ్ణి గానీ, ఎందుకు ఊడదో ఒక్కసారీ అనుకోలేదు. నేతవాడి కడుపున పుట్టి, బట్టల దుకాణంలో పనిచేస్తూ, ఏనుగు దంతాల బరువు తెలుసుకున్న మనిషిని.

"మూడు నాడెలు కావాలి. ఏ రంగుకి ఆ రంగు పేక. కాషాయం పేక తన పట్టీ చివరి దాకా వెళ్లి, అక్కడ తెల్ల దారం చెయ్యి పట్టుకుని మెలికేసి, తన ఇంటికి తను వెనక్కి వచ్చేస్తుంది. అవతల ఆకుపచ్చా అంతే. ఎవరి రంగు వాళ్లది, పట్టు మాత్రం పోదు. మీ తాతల నాటి నుంచి అంచు చీర నేసేది ఇలాగే. దీనికి ఇద్దరు మనుషులు కావాలి." ఇద్దరు అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఎప్పుడూ ఆ రెండో మనిషి మా అమ్మే. నేను ఆవిడ వైపు చూశాను. "నాకు మూడు రంగుల కండెలు చుట్టే పనుంది. ఉపన్యాసం ఇచ్చినవాడివి నువ్వేగా, నువ్వే కూర్చో" అంది.

దుకాణంలో రెండు రోజులు సెలవు దొరికింది. (ఊళ్లో తెల్లగుడ్డ, పచ్చగుడ్డ అన్నీ జెండాలకి అమ్ముడైపోయి, విప్పి చూపించడానికి అక్కడేం మిగల్లేదు.) బుధవారం తెల్లవారగానే మూడేళ్ల తర్వాత మళ్లీ మా నాన్న పక్కన మగ్గం ముందు కూర్చున్నాను. ఆయన గుంటలో, నేను ఎడమ పక్కన పీట మీద, చేతిలో ఆకుపచ్చ నాడె. ఆయన విసరగానే నేను నా దారం తెల్ల దారానికి మెలికవేసి వెనక్కి తేవాలి. వినడానికి ఎంత తేలిక! మొదటి గంటలో మెలిక మరిచిపోయాను, రెండో గంటలో మెలికకి మెలిక వేశాను. "ఒరేయ్, చెయ్యి పట్టుకోమన్నా గానీ మెడ పట్టుకోమన్లేదు" అన్నాడు ఆయన. నడుం విరిగింది, వేళ్లు వాచాయి. అయితే మధ్యాహ్నానికి ఒక లయ కుదిరింది. టక్ అని ఆయన, టక్ అని నేను. మూడేళ్లలో ఆయనా నేనూ అంతసేపు ఒకచోట కూర్చోలేదు. మాట్లాడుకున్నది కూడా పెద్దగా లేదు. ఒకసారి మాత్రం, "ప్రపంచం కనపడిందా?" అని అడిగాడు. "కొంచెం కొంచెం" అన్నాను. "ఇంకో నాలుగు జానలు ఉంది, చూద్దువుగాని" అన్నాడు.

గురువారం మధ్యాహ్నానికి గుడ్డ మగ్గం దిగింది. కాషాయం కాషాయంలా, తెలుపు తెలుపులా, ఆకుపచ్చ వానలు పడ్డాక కంకిపాడు పొలాల్లా. ఆకుపచ్చ అంచున నా మెలిక తప్పిన ఒకచోట మాత్రం చిన్న సందు మిగిలింది, వేలు దూరేంత. మా నాన్న దాన్ని వెలుగుకెత్తి చూసి, "నీ సంతకం" అన్నాడు.

ఇక్కడికి వచ్చాక గానీ నా బుర్రకి తట్టలేదు. మగ్గం మీద పుట్టిన గుడ్డ గుడ్డే గానీ జెండా కాదు. తాడు దూరడానికి ఒక పక్క గొట్టంలా మడిచి కుట్టాలి. కొసలు మడవాలి. నడుమ నీలం చక్రం, రెండు వైపులా. మగ్గం చక్రం నేయదు. అదంతా సూది పనే. నేను ఏమీ ఎరగనట్టు, "ఊళ్లోకి పోయి కుట్టించుకొస్తా" అని గుడ్డ చంకన పెట్టుకుని సైకిలు అద్దెకు తీసుకుని బెజవాడంతా తిరిగాను. ఏ దర్జీ చూసినా జెండాల గుట్టలో మెడ దాకా మునిగి ఉన్నాడు. ఒకడు తలెత్తకుండానే, "దసరాకి రా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో మా అమ్మ. "వీధిలో దర్జీ ఉండగా ఊరు మీద పడ్డావేం? ఆ రోజు నీ మాటలకి ఆయన మధ్యలో లేచి పోయాడు, తెలుసా? వాళ్లావిడ అప్పటి నుంచి నీళ్ల దగ్గర నాతో మాట్లాడ్డం లేదు" అంది. అప్పుడు తెలిసింది నాకు. కాళ్లు ఈడ్చుకుంటూ, మా నాన్నని తోడు రమ్మని బతిమాలి, సూది తాత ఇంటికి వెళ్లాను.

ఆయన మిషను ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్టు కుడుతున్నాడు. మమ్మల్ని చూసి కాలు ఆపలేదు.

"రావయ్యా అవిభాజ్యం! నాతో ఏం పనొచ్చింది? నేను అతుకులు వేసేవాణ్ణి కదా."

"తప్పయింది తాతా."

"ఏది తప్పు? చప్పట్లు కొట్టారుగా అంతమంది!" మిషను ఆపి మా నాన్న వైపు తిరిగాడు. "మీవాడు చెప్పిందాంట్లో నాకు కోపం దేనికొచ్చిందో చెప్పనా మాస్టరూ? దేశం రెండు ముక్కలవుతోందని తెలిసిన నెల రోజులబట్టి ఎవడు కనపడ్డా ఒకటే మాట. సాయిబూ, నువ్వు కూడా పోతావా, అని. ఎక్కడికి పోతాను? ఈ వారంలో ఇవ్వాల్సిన జాకెట్లు పదకొండున్నాయి, అవెవడు కుడతాడు? నోటితో ఎంతమందికని చెప్పను? జెండా నేనే కుడితే అదే పైన ఎగురుతూ అందరికీ చెబుతుంది కదా అనుకున్నా. ఇంతలో వీడు లేచి, కుట్టింది ఊడుతుంది, కుట్టింది వద్దు అన్నాడు."

నాకు ఆ క్షణంలో మిషను కింద దూరాలనిపించింది. పుస్తకాల్లో ఎన్ని జెండాలు చూశానో, వాటిని కుట్టిన చెయ్యి ఒకటుంటుందని ఒక్క పుస్తకంలోనూ నేను చూడలేదు. ఉండే ఉంటుంది, నేనే చదవలేదు.

సూది తాత చెయ్యి చాచాడు. "ఏదీ, ఇలా తే." గుడ్డ విప్పి మెలికల గీత వెంట వేలు పెట్టి నడిపించాడు. "వహ్వా మాస్టరూ!" అన్నాడు మా నాన్నతో. నా సంతకం దగ్గర వేలు ఆగింది. నా ముఖం చూశాడు. నవ్వాడు. "కుడతా. కానీ ఒక షరతు. వీడు ఇక్కడే కూర్చుని నాకు సూదిలో దారం ఎక్కిస్తూ, ఆ ఉపన్యాసం మొదట్నించి చెప్పాలి. మధ్యలో లేచి వెళ్లిపోయాను కదా, చివర వినలేదు."

చెప్పాను. మా నాన్న గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుని వింటుండగా, సూది తాత గొట్టం మడత కుడుతుండగా, మొత్తం చెప్పాను. 'అందరి గుండెల్లోంచి దూరిపోవాలి' దగ్గర సూది తాత తన సూదిని ఎత్తి చూపించి, "దీని గురించేనా?" అన్నాడు.

చక్రం దగ్గర నాకు కాస్త పరువు దక్కుతుందనుకున్నాను. ఇరవైనాలుగు ఆకులని పత్రికలో చదివింది నేను. కోణమానిని కూడా తెచ్చాను. కంచం బోర్లించి వలయం గీసి, డిగ్రీలు లెక్కపెట్టి గీతలు గీశాను. లెక్కపెడితే ఇరవైమూడు వచ్చాయి. మళ్లీ గీస్తే ఇరవైఅయిదు. సూది తాత ఆ కాయితం తీసుకుని గుండ్రంగా కత్తిరించి, సగానికి మడిచి, ఆ సగాన్ని మూడు సమభాగాలుగా, దాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పాడు. ఇరవైనాలుగు. "చిన్నపిల్లల గౌనుకి కుచ్చులు పెట్టేది ఇలాగే బాబూ" అన్నాడు. చక్రానికి నీలం గుడ్డ ఆయన దగ్గరే ఉంది, గార్డు గారి కోటు కుట్టగా మిగిలిన ముక్క. "తాతా, అది ఖద్దరు కాదు" అన్నాను. ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. "ఇంకో ఉపన్యాసం వద్దు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అన్నీ అయ్యాక, దీపాలు పెట్టే వేళకి, జెండా మడత పెట్టబోతూ ఆయన మళ్లీ విప్పి, ఆకుపచ్చ అంచున నా సంతకం దగ్గర మూడే మూడు కుట్లు వేశాడు. సందు మూసుకుపోయింది. దారం పళ్లతో తెంపి, నా చెవిలో అన్నాడు, "ఎవరికీ చెప్పన్లే."

శుక్రవారం పొద్దున వీధంతా ముస్తాబైంది. గార్డు గారు పూర్తి యూనిఫారంలో, ఇత్తడి బొత్తాలు మెరుస్తుండగా వచ్చారు. తాడు లాగారు. జెండా విచ్చుకుంది. ఆ సంతోషంలో ఇరవై ఏళ్ల అలవాటు ఆగక జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదారు. మూల మీద ఆగి ఉన్న జట్కా గుర్రం ఆ ఈలకి ఉలిక్కిపడి పరుగు లంకించుకుంది. "చూశారా, కదిలింది!" అన్నారు గార్డు గారు. అందరూ పైకే చూస్తున్నారు. సూది తాత జెండాని చూడలేదు, జెండాని చూస్తున్న ముఖాల్ని ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఆ రోజు తర్వాత ఆయన్ని పోతావా అని మా వీధిలో అడిగినవాడు లేడు.

అప్పుడు నన్ను మాట్లాడమన్నారు. నా జేబులో ఎనిమిది పేజీలు సిద్ధంగా ఉన్నాయి. తీసి విప్పాను. ఎదురుగా మా నాన్న నిలబడి ఉన్నాడు. భుజం మీద కొత్త తువ్వాలు. సగం పాలటీ రంగు, సగం బందరు కాలువ రంగు. నేను పాడుచేసిన రెండు జానల గుడ్డకి కొసలు ముడేసి, శుభమా అని ఆ పూటకే వేసుకొచ్చాడు. నేను కాయితాలు మడిచేశాను. "దీన్ని మా నాన్న నేశాడు. అమ్మ కండెలు చుట్టింది. సూది తాత కుట్టాడు. గార్డు గారు ఎగరేశారు. నూలు మీ అందరిదీ. నేను పక్కన కూర్చున్నాను" అని దిగిపోయాను. మా వీధి చరిత్రలో అంత పొట్టి ఉపన్యాసం మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. నేను కూడా.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా నాన్న చెయ్యి కడుక్కుని, "ఒరేయ్, ఆ ఉపన్యాసం ఇలా అందుకో" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన కళ్లతో తువ్వాలు చూపించాడు. ఆ రోజు మొదలు అది మా ఇంట్లో ఉపన్యాసమే. 'ఉపన్యాసం తడిసింది, ఆరెయ్యి', 'ఉపన్యాసం మీద పప్పు పడింది' అంటుంటే, కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య మొదటి వారమంతా బెదిరిపోయింది. మళ్లీ మగ్గం మీద జీవితాంతం కూర్చున్నానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. దుకాణంలోనే ఉన్నాను. కానీ అంచు చీర విప్పినప్పుడల్లా మెలికల గీత మీద వేలు పెట్టి, ఇదెలా నేస్తారో తెలుసా అమ్మా, అని చెప్పడం మొదలుపెట్టాను. కొనేవాళ్లు విసుక్కునేవాళ్లు. అలవాటు పూర్తిగా పోలేదు.

సంచికలో పేజీ రాసిన కుర్రవాడికి నా మీద ఉన్న ప్రేమకి కృతజ్ఞతలు. వచ్చే ప్రతిలో దిద్దమని మనవి. ప్రశ్న ఒక్కటే అడిగి పది రోజులు ఓపిక పట్టిన మా నాన్నకి, ఏడుస్తున్నట్టు నవ్విన అమ్మకి, కోటు మిగులు ముక్కకీ ఈలకీ గార్డు గారికి, ఆ పుస్తకం ఇంకా రాలేదని నిజం చెప్పిన నిశ్శబ్దం గారికి, ఇంటికో చిలప ఇచ్చిన ఆడవాళ్లందరికీ, వాళ్లతోపాటు మా అమ్మతో మళ్లీ నీళ్ల దగ్గర మాట్లాడిన సూది తాత భార్యకి నా నమస్కారాలు. చివరగా సూది తాతకి. తాతా, ఎవరికీ చెప్పనన్నావు, మాట నిలబెట్టుకున్నావు. ఇన్నేళ్ల తర్వాత నేనే చెప్పేస్తున్నాను. ఒకే గుడ్డగా నేసిన ఆ జెండాలో రంగులు కలిసే చోట మూడు కుట్లు ఉన్నాయి. అది నిలిచింది వాటి వల్లే.

ఇది రాయడం అయ్యాక గట్టిగా చదివి చూసుకుంటున్నాను, పాత జబ్బు. వంటింట్లోంచి నా భార్య, "భోజనానికి వస్తారా, ఇంకా ఉందా?" అంది. వస్తున్నానని చెప్పి చెయ్యి కడుక్కుని గూట్లోకి చూశాను. నూలు పలచబడి చూపు దూరేట్టున్నా, ఆ బందరు కాలువ రంగు సగం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. తడి చెయ్యి ముందుకు చాచి, ఆ పద్దెనిమిదేళ్ల మీసం లేని మహావక్తని తలుచుకుని నవ్వుకుంటూ, "ఒక్కసారి ఆ ఉపన్యాసం అందుకో" అన్నాను.